జతకు ఇచ్చిన మాట

మార్చి 4

మళ్ళీ చట్టసభకు వెళ్ళాను. చాలామంది వచ్చి చేయి పట్టుకున్నారు. ఒకాయన రెండుసార్లు పట్టుకున్నాడు, మొదటిసారి పట్టుకున్నది గుర్తులేక.

ఈ డైరీ సభవాళ్ళు ఏటా ఇచ్చేదే. నల్ల అట్ట, బంగారు అంచు. ఏటా ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాణ్ణి. ఈసారి ఉంచుకున్నాను. సాయంత్రం ఇంటికి రాగానే సభలో ఏం జరిగిందో చెప్పడం అలవాటు. చెప్పడమంటే, మా ఆవిడ అడిగేది, నేను ముక్తసరిగా జవాబిచ్చేవాణ్ణి. అక్కడ గంటలు గంటలు ఉపన్యాసాలిస్తారు, ఇంటికొస్తే నోటి ముత్యాలు రాలిపోతాయని భయం, మిమ్మల్ని కూడా నా పేషెంట్లలో చేర్చుకోవాలి అనేది.

తను స్పీచ్ థెరపిస్టు. తలకు దెబ్బ తగిలి మాట పోయిన సైనికులకు మళ్ళీ మాట నేర్పేది. ఉద్యోగమంతా ఒక్కచోటే, మిలిటరీ రిహాబ్ సెంటర్‌లో.

జనవరి ఆఖరున పోయింది.

చేయి పట్టుకోనివాడు కల్నల్ ఒక్కడే. అవతలి పార్టీ. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూలబడి, ఏమయ్యా లెక్చరర్, బెల్టుకు కొత్త బెజ్జం పెట్టించినట్టున్నావ్, తింటున్నావా, గాలి భోంచేస్తున్నావా అన్నాడు. రాజకీయాల్లోకి రాకముందు నేను కాలేజీలో పాఠాలు చెప్పాను. ఆయన యుద్ధం చేశాడు. అప్పటినుంచి సభలో ఒకరినొకరు ఓడించుకుంటూ వస్తున్నాం.

బ్రెడ్డు, గుడ్డు తెప్పించి నేను తినేదాకా లేవలేదు.

మార్చి 5

కల్నల్ గురించి ఇంకొంచెం రాయాలి.

మా సభలో జత అని ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో చావో జబ్బో వచ్చి ఒక సభ్యుడు ఓటింగ్‌కు రాలేకపోతే, అవతలి పార్టీలో ఒకరు నేనూ ఓటెయ్యను అని అతనికి మాటిస్తారు. ఇటు ఒకటి తగ్గుతుంది, అటు ఒకటి తగ్గుతుంది. ఎవరి దుఃఖం మీదా ఎవరూ గెలవరు. ఈ డైరీ వెనక సభా నియమాలన్నీ అచ్చువేశారు. జత గురించి ఒక్క ముక్క లేదు. రాత లేదు, సంతకం లేదు. మాటే.

తను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ కల్నల్ నాకు జత. నేను అడగలేదు. ఆయనే ఫోన్ చేసి, నువ్వు అక్కడే ఉండు, ఇక్కడ నా చెయ్యి జేబులో పెట్టుకుంటా అన్నాడు. ఆ రోజుల్లోనే సైనిక శిక్షణ మీద ఓటింగ్ జరిగింది. కొత్తగా చేరిన కుర్రాళ్ళను పూర్తి శిక్షణ ఇవ్వకుండా సరిహద్దుకు పంపకూడదన్నది కల్నల్ పాత పోరు. తన పార్టీని ఒప్పించి బిల్లు దాకా తెచ్చుకున్నాడు. అది కొద్దిలో ఓడిపోయింది. ఓటింగ్ జరుగుతున్నంతసేపూ ఆయన కారిడార్ బెంచీ మీద కూర్చుని పేపర్లో పదకేళి పూరించాడట.

ఇంతవరకూ నా దగ్గర ఆ ఊసెత్తలేదు.

మార్చి 9

రక్షణ స్థాయీ సంఘం. హెలికాప్టర్ల కొనుగోలుకు పొద్దుటి నుంచి లంచ్ దాకా. సరిహద్దు రోడ్లకు లంచ్ నుంచి టీ దాకా. నా బిల్లుకు టీ తాగినంతసేపు.

మాట పోయిన సైనికుడికి డిశ్చార్జ్ అయ్యాక ఆరు నెలలే చికిత్స ఇస్తారు. తర్వాత వచ్చినా సరే, రాకపోయినా సరే. ఆ గడువు తీసేసి, ఎన్నాళ్ళు అవసరమైతే అన్నాళ్ళు ఇవ్వాలని బిల్లు. నా బిల్లు అనడం సరికాదు. మెదడు క్యాలెండర్ చూసుకుని నయమవదండీ అని తను నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నేను ఎప్పుడూ హెలికాప్టర్లు, బడ్జెట్లు అంటూ వాయిదా వేశాను. కిందటేడు పెట్టాను. ఇప్పుడు నడుస్తోంది.

సంఘంలో ఒకాయన, సైనికులకు మాటలెందుకండీ, ఆర్డరు వినబడితే చాలదా అన్నాడు. నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ కొంచెం నవ్వాను.

మార్చి 11

తన ఫోన్‌కు డెంటిస్టు అపాయింట్‌మెంట్ గుర్తుచేస్తూ మెసేజ్ వచ్చింది. రాలేరు అని జవాబిచ్చాను.

మార్చి 14

అమ్మాయి వచ్చింది. ఫ్రిజ్ తెరిచి, నాన్నా, ఇందులో లైటు తప్ప ఏమీ లేదు అంది. బజారుకు వెళ్ళి నింపింది. అమ్మ బీరువా ఇవాళ సర్దుదామా అంది. తర్వాత చూద్దాం అన్నాను. నువ్వు సభలో కూడా ఇలాగే వాయిదాలు వేస్తావా అంది. అని, నా వైపు చూడకుండా కూరలు కడగడం మొదలుపెట్టింది.

బీరువా తెరవలేదు గానీ హాల్లో అరలో ఉన్న బూట్ల డబ్బా తీసింది. తను పేషెంట్లకు చూపించే బొమ్మల కార్డులు. కప్పు, తాళంచెవి, వాన, చెప్పు, కిటికీ. వాడి వాడి మూలలు మెత్తబడిపోయాయి. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. వెనక ఏమీ రాసి లేదు.

అమ్మాయి అడిగింది, ఆఖర్న అమ్మ నీకేమైనా చెప్పిందా అని. గొంతులో ట్యూబు ఉంది కదా అన్నాను. తెలుసు నాన్నా, అయినా అంది.

దానికి చెప్పనిది ఇక్కడ రాస్తాను. ట్యూబు వేశాక తను నన్ను చూసి మంచం మీద అరచేత్తో మెల్లగా తట్టేది. రెండుసార్లు. కాసేపాగి మళ్ళీ రెండుసార్లు. నీళ్ళా అన్నాను. తల అడ్డంగా ఊపింది. దుప్పటా? కాదు. నొప్పా? నర్సును పిలవనా? అమ్మాయిని రమ్మననా? కాదు. పక్కన కూర్చోమంటోందేమో అని మంచం మీద కూర్చున్నాను. నవ్వినట్టే అనిపించింది. మళ్ళీ తట్టింది. నేను అడుగుతూనే ఉన్నాను. ఫ్యానా, లైటా, కిటికీ తెరవనా. కళ్ళు మూసుకుంది.

మాట రానివాళ్ళ మాట పట్టుకోవడమే తన పని. తన మాట పట్టుకోవడానికి నేను మిగిలాను.

మార్చి 16

సాయంత్రం బెల్ మోగింది. తలుపు తీస్తే డ్రైవర్, తన పాత పేషెంటు.

సైన్యంలో లారీ నడిపేవాడు. సరిహద్దుకు సరుకులు తీసుకెళ్తుంటే మందుపాతర పేలింది. సెంటర్‌కు వచ్చేనాటికి అతని నోట్లో మిగిలింది ఒక్కటే మాట, సరే. ఆకలేసినా సరే, కోపమొచ్చినా సరే. ఆరు నెలల్లో తను కొన్ని మాటలు తెప్పించింది. గడువు అయిపోయింది. సెంటర్ వాళ్ళు ఇక రావద్దన్నారు. ప్రతి మంగళవారం సాయంత్రం ఇంటికి రమ్మంది. మా డైనింగ్ టేబుల్ దగ్గరే క్లాసు. నేను ఆ టైముకు ఇంట్లో ఉండేవాణ్ణి కాదు.

తను లేదని అతనికి తెలుసు. తను పోయిన రోజు వచ్చాడు కూడా. ఇవాళ ఎందుకు వచ్చాడో చెప్పలేదు, చెప్పగలిగినా చెప్పేవాడు కాదేమో. నేరుగా వెళ్ళి అలవాటైన కుర్చీలో కూర్చున్నాడు. ఎదురు కుర్చీ ఆమెది. నేను అందులో కూర్చోలేదు. పక్కది లాక్కున్నాను.

ఏం చెయ్యాలో తోచక కార్డుల డబ్బా తెచ్చాను. కప్పు అన్నాడు. చెప్పు అన్నాడు. కిటికీ దగ్గర ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి. మెడ నరాలు లేచాయి. చూడలేకపోయాను. కిటికీ అని నేనే అందించాను.

పళ్ళెంలో ముద్ద లాక్కున్నట్టు చూశాడు నన్ను. కాసేపటికి సరే అని లేచాడు.

మార్చి 19

మా విప్ లెక్క కట్టాడు. వీడు నా పాత స్టూడెంటు. మాటకోసారి వాచీ చూసుకుంటాడని అందరూ గడియారం అంటారు. మాస్టారూ, అవతలి పార్టీలో కొందరు కలిసొస్తున్నారు, మీ బిల్లు ఒక్క ఓటుతో గట్టెక్కుతుంది అన్నాడు. ఏప్రిల్ మూడోవారం ఓటింగ్. జలుబు చేసినా, కాలు విరిగినా, స్ట్రెచర్ మీదైనా సరే మీరు రావాలి, ఆ ఒక్క ఓటూ మీదే అనుకోండి అన్నాడు.

నాకు కాలు విరగడానికి తీరికెక్కడిది అన్నాను. వాడు నవ్వాడు. చాన్నాళ్ళకు జోకు వేశారు మాస్టారూ అన్నాడు.

మార్చి 24

పొద్దున్నే కల్నల్ ఫోన్. ఆయన గొంతులా లేదు.

భార్య వంటింట్లో పడిపోయిందట. స్ట్రోక్. కుడివైపు పోయింది, మాట పోయింది. లెక్చరర్, నన్ను జత పెట్టుకో అన్నాడు.

సరే అన్నాను. ఎన్నాళ్ళని అడగలేదు. ఆయన నన్ను అడిగాడా?

మార్చి 26

హెలికాప్టర్ల చర్చ వాయిదా పడింది. కంపెనీ కాగితాలేవో సరిగా లేవట. సభకు ఒక రోజు ఖాళీ వచ్చింది. స్పీకర్ ఆ ఖాళీలో నా బిల్లు వేశారు. మార్చి 30.

గడియారం పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. ముహూర్తం కలిసొచ్చింది మాస్టారూ అన్నాడు. అప్పుడు జత సంగతి చెప్పాను.

వాడు వాచీ చూసుకోవడం మానేశాడు. మీరు నన్ను పరీక్షలో ఫెయిల్ చేసినప్పుడు కూడా ఇంత దెబ్బ కొట్టలేదు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, మాటే కదా, రాత కాదు కదా అన్నాడు. వాడే సిగ్గుపడ్డాడు. కల్నల్ గారు ఈ బిల్లుకు ఎటూ వెయ్యనని ముందే అన్నారు కాబట్టి అటు ఏమీ తగ్గదు, మీరు ఓటెయ్యకపోతే ఓట్లు సమానం. సమానమైతే స్పీకర్ ఉన్న చట్టం వైపే వేస్తారు, అది ఆనవాయితీ, బిల్లు పోతుంది, మళ్ళీ వచ్చే ఏడాది దాకా పెట్టడానికి వీల్లేదు. ఇవన్నీ నాకు తెలిసినవే. ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

పోనీ కల్నల్ గారినే అడగండి, ఒక్క మాట, ఆయన వదిలేస్తే గొడవే లేదు అన్నాడు.

నిజమే. ఒక్క మాట.

మార్చి 28

అదే ఆసుపత్రి. అదే అంతస్తు. లిఫ్టు తలుపు ఇప్పటికీ సగంలో ఆగి మళ్ళీ తెరుచుకుంటోంది.

కల్నల్ మంచం పక్కన కూర్చుని ఆమె కళ్ళజోడు తుడుస్తున్నాడు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్ళీ తుడిచాడు. నన్ను చూసి, వచ్చావా, ఈ భవనంలో తాగదగ్గ టీ ఎక్కడ దొరుకుతుందో నీకు తెలుసుగా అన్నాడు. రెండో అంతస్తులో మిషన్ దగ్గరకు తీసుకెళ్ళాను.

అక్కడ గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆమె ఏదో అడుగుతుందయ్యా, ఎడం చెయ్యి ఊపుతుంది, నాకు ముక్క అర్థం కాదు, యాభై ఏళ్ళ కాపురం అన్నాడు. ఊఁ అన్నాను. నాకు వచ్చింది అంతే.

సభలో ఏంటి విశేషాలు, పేపర్ ముట్టుకుని నాలుగు రోజులైంది అన్నాడు. హెలికాప్టర్లు వాయిదా పడ్డాయి అన్నాను. మంచిదే, వాటికింకా రెక్కలు రాలేదు అన్నాడు.

అడగాల్సింది అప్పుడే. మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడు ఆయన చొక్కా చూశాను. గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నాడు. ఒక వైపు కాలరు పైకి, ఒక వైపు కిందకి. రెజిమెంటంతటినీ గుండీల కోసం ఎండలో నిలబెట్టిన మనిషి.

ఈ మనిషిని నేను ఓటు గురించి అడగాలి.

లిఫ్టు దగ్గర, ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావే అన్నాడు. ఏం లేదు, ఊరికే చూసిపోదామని అన్నాను. భుజం మీద చెయ్యి వేశాడు. తలుపు సగంలో ఆగి తెరుచుకుంది. ఇంకో అవకాశం. మళ్ళీ మూసుకుంది.

మార్చి 29

అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను. అమ్మ అయితే ఏమనేది అని అడిగాను. అమ్మ నీతో రెండు రోజులు మాట్లాడేది కాదు, మూడోరోజు టీ ఇచ్చేది అంది.

మార్చి 30

సభలోకి వెళ్ళలేదు. కారిడార్ బెంచీ మీద కూర్చున్నాను. కల్నల్ కూర్చున్న బెంచీయే. చెక్క నున్నగా అరిగిపోయి ఉంది. ఇక్కడ ఎందరు కూర్చున్నారో.

గడియారం రెండుసార్లు బయటికి వచ్చాడు. మొదటిసారి, మాస్టారూ, తలుపులు వేసేస్తున్నారు అన్నాడు. రెండోసారి నా ముందు నిలబడి వెళ్ళిపోయాడు.

గంట మోగింది. తలుపులు వేశారు. లోపల అంకెలు చదువుతున్న గొంతు వినబడుతోంది గానీ అంకెలు వినబడలేదు. తర్వాత స్పీకర్ గొంతు. పొడిగా రెండు వాక్యాలు. ఎవరో బల్ల చరిచారు. తలుపులు తెరిచారు. నన్ను చూసి మనుషులు దారి మార్చుకుని నడిచారు. చావింట్లో నడిచినట్టు.

సమానం. చట్టం ఎలా ఉందో అలాగే ఉంది. ఆరు నెలలు.

డ్రైవర్ గ్యాలరీ నుంచి దిగి వచ్చాడు. అతను వస్తాడని నాకు తెలియదు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. పైనుంచి నా సీటు ఖాళీగా కనబడి ఉంటుంది. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఏదో ఒకటి చెప్పాలి అతనికి. నీ చికిత్స నా చేతుల్లోనే పోయింది అని. జత అంటే ఏమిటో, ఎందుకు లోపలికి వెళ్ళలేదో, కల్నల్ ఎవరో, గుండీలు. చెప్పబోయాను. మొదటి మాట రాలేదు. నేను మైకు ముందు ఎన్నేళ్ళు నిలబడ్డానో లెక్కలేదు. నోరు తెరుచుకునే ఉంది. మళ్ళీ ప్రయత్నించాను. రాలేదు.

అతను నన్నే చూస్తున్నాడు. అందించలేదు. సర్లెండి సార్ అనలేదు. మా ఇద్దరి మధ్య బెంచీ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తట్టాడు. రెండుసార్లు. కాసేపాగి మళ్ళీ రెండుసార్లు.

ఏమిటది అన్నాను. ఆ మాట మాత్రం వచ్చింది. అదేమిటి, ఎక్కడ నేర్చుకున్నావు అన్నాను. చెయ్యి పట్టుకున్నాను కాబోలు.

అతనికి చాలాసేపు పట్టింది. కారిడార్ ఖాళీ అయింది. ఎవరో వచ్చి లైట్లు సగం ఆర్పేశారు. మేడం అన్నాడు. ఆగాడు. మాట రాకపోతే అన్నాడు. బెంచీ మీద మళ్ళీ తట్టి చూపించాడు. నేను అందించలేదు. ఈసారి నేను ఆగాను.

తొందర, అన్నాడు.

లేదు, అన్నాడు.

మార్చి 31

నీళ్ళు కాదు. దుప్పటి కాదు. నర్సు కాదు.

నేను అడుగుతూనే ఉన్నాను.

ఏప్రిల్ 3

కల్నల్ ఇంటికి వచ్చాడు. బెల్ కొట్టలేదు, తలుపు బాదాడు. చేతిలో పాత పేపర్.

కూర్చోమంటే కూర్చోలేదు. నువ్వు మనిషివేనా అన్నాడు. ఆ రోజు టీ మిషన్ దగ్గర నిలబడి హెలికాప్టర్ల కబుర్లు చెప్పావే, ఇది ఎందుకు చెప్పలేదు అన్నాడు. మీరున్న పరిస్థితిలో అని మొదలుపెట్టాను. నోర్ముయ్ అన్నాడు. నా పరిస్థితి సంగతి నేను చూసుకుంటా, నీ బిల్లుకు మా పార్టీ వద్దంది కాబట్టి నేను చెయ్యెత్తలేను, కానీ జత వదిలెయ్యడం నా ఇష్టం, దానికి పార్టీ ఎవరు, వెళ్ళి నీ ఓటు నువ్వు వేసుకో అనేవాణ్ణి కదయ్యా అన్నాడు. ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఒక్క మాట.

ఇల్లంతా వినబడేలా అరిచాడు. తర్వాత కూర్చున్నాడు. ఇవాళ గుండీలు సరిగానే ఉన్నాయి.

మా కుర్రాళ్ళు ఎంతమంది ఉంటారు ఆ సెంటర్‌లో అన్నాడు. ఈ నెలలోనే నలుగురికి గడువు అయిపోతోందని చెప్పాను. రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

ఆయన అడగకుండానే నాకు జత అయ్యాడు. నేను అడగకుండానే ఓడిపోయాను. ఇద్దరం పెద్దమనుషులమే.

టీ పెట్టాను. తాగాడు. బాగాలేదు అన్నాడు. మళ్ళీ పోయమన్నాడు.

ఏప్రిల్ 6

డ్రైవర్ వచ్చాడు. కిటికీ కార్డు పెట్టాను. టీ చల్లారిపోయింది. మీద మీగడ కట్టింది. అయినా ఆగాను.

కిటికీ అన్నాడు.

ఏప్రిల్ 11

కల్నల్ భార్యను ఇంటికి తెచ్చారు. మాట లేదు. మీ ఆవిడ దగ్గర ఏవో బొమ్మలుండేవట, మీ అమ్మాయి చెప్పింది, కొన్నాళ్ళు ఇస్తావా అని ఫోన్ చేశాడు. ఈ మనిషి గొంతులో ప్రాధేయపడడం వినడం ఇదే మొదటిసారి.

డబ్బా తీసుకుని నేనే వెళ్ళాను. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుంది. కళ్ళజోడు మెరుస్తోంది. కల్నల్ ఒక్కో కార్డూ ఎత్తి పట్టుకుని, ఇదేంటి, ఇదేంటి, చెప్పు, కప్పు, కప్పు అను అంటున్నాడు. పరేడ్ చేయిస్తున్నట్టు. ఆమె కళ్ళలో నీళ్ళు.

ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. అరచేతిని దుప్పటి మీద పెట్టించాను. రెండుసార్లు తట్టించాను. అంటే ఏమిటన్నాడు. చెప్పాను. చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు. వచ్చే ఏడాది ఆ బిల్లు మీద నీ పేరు కింద నా పేరు కూడా వెయ్యి, పార్టీని నేను చూసుకుంటా అన్నాడు. ఆ నలుగురినీ ఈలోపు ఎవరు చూసుకుంటారు అని ఇద్దరమూ అనలేదు.

ఏప్రిల్ 13

మంగళవారం. కార్డులు కల్నల్ దగ్గర ఉన్నాయి. ఇంట్లో ఉన్నవే చూపించాను. కప్పు. తాళంచెవి. డ్రైవర్ అన్నీ చెప్పాడు.

తర్వాత అతనే వేలెత్తి ఎదురుగా ఉన్న ఆమె కుర్చీ చూపించాడు. నా వైపు చూశాడు. ఈసారి చెప్పాల్సింది నేను.

మాట రాలేదు. బల్ల మీద తట్టాడు, రెండుసార్లు.

ఇద్దరం కూర్చునే ఉన్నాం.